ఒక సిలిండర్‌కు ఒక వింగ్, జంట సిలిండర్లకు మరొకటి: స్కూబా వింగ్‌ను కొలిచి కొనే పద్ధతి

"అన్నయ్యా, ఎటూ కొంటున్నాం కదా, పెద్దదే తీసుకుంటే రేపు జంట సిలిండర్లకు మారినా పనికొస్తుంది కదా?" గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా పిన్ని కొడుకు స్కూబా వింగ్ గురించి మొన్న అడిగిన ప్రశ్న ఇది. నీళ్ళలో డైవర్ వీపున ఉండి తేల్చే గాలితిత్తిని వింగ్ అంటారు. ఎదిగే పిల్లవాడికి పండక్కి కాస్త వదులుగా చొక్కా కుట్టించే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. ఆ ఆలోచన మనకు సహజం. స్కూబా వింగ్ విషయంలో మాత్రం అది తప్పు మాత్రమే కాదు, ప్రమాదం కూడా. నేను అదే చేశాను.

నా మొదటి వింగ్ 27 కిలోలను తేల్చగలది, జంట సిలిండర్ల కోసం చేసింది. అమ్మిన వ్యక్తి "దేనికైనా సరిపోతుంది" అన్నాడు, నేను నమ్మాను. అండమాన్‌లోని హావ్‌లాక్ దగ్గర, అంటే ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్న చోట, ఒకే సిలిండర్‌కు దాన్ని బిగించుకుని దిగాను. డైవ్ చివర జాగ్రత్త కోసం 5 మీటర్ల లోతులో మూడు నిమిషాలు ఆగాలి. ఆ వెడల్పాటి గుడ్డ సిలిండర్ చుట్టూ దోసెలా మడతపడింది. గాలి ఎడమవైపు మడతలో చిక్కుకుంది. నేను వాల్వ్ తాడు లాగుతూనే ఉన్నాను, గాలి బయటికి పోలేదు. ఒక పక్కకు ఒరిగిపోయి, ఆగాల్సిన చోట ఆగలేక పైకి వచ్చేశాను. దేవుడి దయవల్ల లోతు తక్కువ, ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి కొలవకుండా ఏ వింగ్‌నూ కొననివ్వను, నా చుట్టూ ఉన్నవాళ్ళను కూడా.

విజయవాడలో ఈ విషయం మాట్లాడేవాళ్ళు ఈమధ్య పెరిగారు. 2024 సెప్టెంబరు వరదల్లో పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకు అడ్డుపడినప్పుడు, నీళ్ళలోకి దిగి వాటిని కోసిన డైవర్లను నగరమంతా గట్టున నిలబడి చూసింది. అది వృత్తిపనివాళ్ళ సాహసం. మనం చేసేది సరదా డైవింగ్, అదీ కృష్ణలో కాదు. బురద నీళ్ళు, తెగిన వలలు, గేట్ల దగ్గరి లాగుడు ఉన్న చోట మన సామానుతో దిగడం ఆత్మహత్యతో సమానం. మచిలీపట్నం, సూర్యలంక సముద్రం దగ్గరే అయినా డెల్టా మట్టితో నీళ్ళు మసకగా ఉంటాయి. కాబట్టి మన ఊళ్ళ నుంచి వెళ్ళేవాళ్ళ గమ్యం విశాఖపట్నం, పుదుచ్చేరి, కర్ణాటక తీరంలోని నేత్రాణి, లేదా అండమాన్. అన్నీ ప్రయాణం చేసి చేరాల్సిన చోట్లే. సామాను ఎంపికలో ఆ సంగతి కూడా చూసుకోవాలి.

ఒక షరతు ముందే చెబుతాను. ఈ వివరాలు డైవింగ్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకు. జంట సిలిండర్లకు మళ్ళీ వేరే శిక్షణ ఉంది. అది చదివి నేర్చుకునేది కాదు.

వింగ్ చేసే పని, చేయని పని

డైవర్ వీపుకు ఒక లోహపు పలక ఉంటుంది. దాన్ని బ్యాక్‌ప్లేట్ అంటారు. ఆ పలకకు 5 సెంటీమీటర్ల వెడల్పు నైలాన్ పట్టీ ఒకటే అల్లి భుజాలకు, నడుముకు చుట్టుకుంటారు. పలకకూ సిలిండర్‌కూ మధ్య ఇరుక్కుని ఉండే గాలితిత్తే వింగ్. ఉత్తర ఫ్లోరిడా గుహల్లో డైవ్ చేసేవాళ్ళ చేతుల్లో ఈ అమరిక రూపుదిద్దుకుంది. వాళ్ళలో ఒకరైన విలియం హొగార్త్ మెయిన్ పేరు మీదే ఒకే పట్టీతో అల్లే పద్ధతిని నేటికీ హొగార్తియన్ అంటున్నారు.

కొలిమి దగ్గరి తిత్తిని చూసినవాళ్ళకు వింగ్ వెంటనే అర్థమవుతుంది. ఎడమ భుజం మీదుగా వచ్చే ముడతల గొట్టం చివర ఇన్‌ఫ్లేటర్ ఉంటుంది. ఒక మీట నొక్కితే సిలిండర్ గాలి తిత్తిలోకి వెళుతుంది, ఇంకో మీట నొక్కితే బయటికి పోతుంది. వెనుక కింది భాగంలో తాడు కట్టిన డంప్ వాల్వ్ మరొకటి ఉంటుంది. తిత్తి ఎన్ని లీటర్ల నీటిని పక్కకు నెడితే దాదాపు అన్ని కిలోలను తేలుస్తుంది. ఆర్కిమెడిస్ సూత్రం అంతే. 14 లీటర్ల తిత్తి సుమారు 14 కిలోలను మోస్తుంది. తయారీదారులు దీన్ని కిలోల్లోనో, పౌండ్లలోనో, న్యూటన్లలోనో రాస్తారు. 30 పౌండ్లంటే 13.6 కిలోలు, 40 అంటే 18, 60 అంటే 27. న్యూటన్లలో ఉంటే పదితో భాగిస్తే చాలు.

వింగ్ పని మనిషిని మోయడం కాదు. మన దేహం నీటిలో ఇంచుమించు తేలుతూనే ఉంటుంది. డైవ్ మొదట్లో సిలిండర్ నిండా ఉన్న గాలి బరువునూ, లోతుకు వెళ్ళే కొద్దీ వెట్‌సూట్ అనే రబ్బరు దుస్తు పోగొట్టుకునే తేలుడునూ పూడ్చడమే వింగ్ పని. నీటిపైన ఉన్నప్పుడు తల బయటికి ఉండేలా నిలబెట్టడం దాని రెండో పని. మునగడానికి ఒంటికి కట్టుకునే సీసం అధికమైతే ఆ తప్పును దిద్దడం దాని పని కాదు. చాలామంది పెద్ద వింగ్ అడిగేది అవసరానికి మించి కట్టుకున్న సీసాన్ని మోయించడానికే. ముందు సీసం తగ్గించాలి. అప్పుడు చిన్న వింగే సరిపోతుంది.

లెక్క

మూడు అంకెలు కావాలి.

మొదటిది గాలి బరువు. గాలికి బరువేమిటని కొట్టిపారేయకండి. నేలమీద ఒక లీటరు గాలి 1.2 గ్రాములు తూగుతుంది. మన దేశంలో అద్దెకు దొరికే సిలిండర్ చాలాచోట్ల 11.1 లీటర్ల అల్యూమినియం రకం. 200 బార్ల ఒత్తిడికి నింపితే అందులో 2,220 లీటర్ల గాలి ఉన్నట్టు, అంటే దాదాపు 2.6 కిలోలు. డైవ్ మొదట్లో ఈ బరువంతా వీపు మీద ఉంటుంది, చివరికి చాలావరకు ఊపిరిగా బుడగలై పోతుంది. అందుకే అల్యూమినియం సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు ఉప్పునీటిలో 700 గ్రాముల వరకు మునుగుతుంది, ఖాళీ అయితే 2 కిలోల దాకా తేలుతుంది. 12 లీటర్ల ఉక్కు సిలిండర్‌ను 232 బార్లకు నింపితే గాలే 3.2 కిలోలకు పైగా ఉంటుంది. ఖాళీ అయినా అది చాలావరకు మునిగే ఉంటుంది.

రెండోది వెట్‌సూట్. నియోప్రీన్ రబ్బరులోని బుడగలే దాన్ని తేలుస్తాయి. ప్రతి 10 మీటర్లకు ఒక బార్ ఒత్తిడి పెరుగుతుంది. 30 మీటర్ల దగ్గర ఒత్తిడి నేలమీది కంటే నాలుగు రెట్లు. బుడగలు కుంచించుకుపోతాయి, సూటు పలచబడుతుంది, తేల్చే గుణం చాలావరకు పోతుంది. లెక్క కోసం నేను మొత్తం పోయిందనే అనుకుంటాను. అలా అనుకుంటే పొరపాటు జరిగినా మన మేలుకే.

మూడోది, మనిషి లేకుండా సామాను మొత్తం నీటిలో తూగే బరువు. పడవ ఎక్కేముందు సామాను విప్పి నీటిమీద వదలాల్సి రావచ్చు. అప్పుడు వింగ్ ఒక్కటే దాన్ని తేల్చాలి.

మొదటి రెండూ కలిపితే లోతులో కావలసిన బలం. మూడోది నీటిపైన కావలసిన బలం. రెంటిలో ఏది పెద్దదైతే అది తీసుకుని, అలల్లో తల బయటికి ఉండటానికి నాలుగైదు కిలోలు కలిపితే మన అంకె వస్తుంది. ఈ అంకె చేతిలో లేకుండా దుకాణానికి వెళితే వాళ్ళ దగ్గర మిగిలిన సరుకే మన కొలత అవుతుంది.

ఇంటి దగ్గర కొలవడం

దీనికి సముద్రం అక్కర్లేదు. 200 లీటర్ల ప్లాస్టిక్ పీపా, ప్రయాణాల పెట్టెలు తూచే చిన్న వేలాడే త్రాసు, ఒక వల సంచి, కిలో, అరకిలో చొప్పున సీసం దిమ్మలు చాలు. మా పటమట ఇంటి డాబా మీద మేమిద్దరం ఒక ఆదివారం ఉదయం మొత్తం కొలిచేశాం.

వెట్‌సూట్‌ను ముందు నీటిలో బాగా నలిపి లోపలి గాలి తీసేయాలి. వల సంచిలో పెట్టి, సీసం ఒక్కొక్కటే వేస్తూ, సంచి నెమ్మదిగా మునిగే చోట ఆపాలి. ఎంత సీసం పట్టిందో అదే సూటు తేల్చే బలం. మావాడి 3 మిల్లీమీటర్ల నిండు సూటుకు 2 కిలోలు పట్టింది. మీ సూటుకు వేరే అంకె రావచ్చు. పాతబడ్డ సూటు కొత్తదాని కంటే తక్కువ తేలుతుంది. అందుకే ఎవరి అంకెనూ అరువు తెచ్చుకోకూడదు.

నోటికి గాలి అందించే రెగ్యులేటర్లు, బ్యాక్‌ప్లేట్, సిలిండర్ పట్టీలు మునిగేవి. వీటిని త్రాసుకు వేలాడదీసి, పూర్తిగా నీటిలోకి దించి, అప్పుడు అంకె చూడాలి. రెగ్యులేటర్‌లోకి నీళ్ళు పోకుండా మూత బిగించడం మరవకండి. 2.7 కిలోల స్టీలు ప్లేటు నీటిలో 2.4 చూపిస్తుంది. గాలిలో తూచి లెక్క వేసేవాళ్ళు తప్పేది ఇక్కడే. సిలిండర్ ఇంట్లో ఉండదు కాబట్టి దాని అంకె మాత్రం తయారీదారు పట్టిక నుంచి తీసుకోవాలి. మెడ దగ్గర ముద్రించిన వివరాల ఫోటో తీసుకుంటే ఏ రకమో తెలుస్తుంది.

మావాడి లెక్క ఇలా తేలింది. నిండు సిలిండర్ 0.7, ప్లేటు 2.4, రెగ్యులేటర్లు 1.2, ప్లేటుకు కట్టే 2 కిలోల సీసం నీటిలో 1.8. మొత్తం 6.1 కిలోలు. ఇది నీటిపైన. లోతులో గాలి 2.6, సూటు 2, వెరసి 4.6. పెద్దది 6.1. దానికి 5 కలిపితే 11 దాటుతుంది. అంటే 13 లేదా 14 కిలోల వింగ్ హాయిగా చాలు. అతను అడిగింది 27!

ఒక సిలిండర్‌కు

వెచ్చటి నీళ్ళలో, పలచని సూటుతో, ఒక అల్యూమినియం సిలిండర్‌తో దిగే దాదాపు ప్రతివారికీ 12 నుంచి 14 కిలోల మధ్య వింగ్ సరిపోతుంది. 5 లేదా 7 మిల్లీమీటర్ల సూటు వేసుకునే చలి నీళ్ళకు, లేదా 15 లీటర్ల ఉక్కు సిలిండర్‌కు 16 నుంచి 18 దాకా వెళ్ళాలి. ఒక సిలిండర్‌కు 20 దాటిన వింగ్ అవసరమయ్యే సందర్భం మన సముద్రాల్లో నాకు కనబడలేదు.

కిలోల కంటే ముఖ్యమైనది వెడల్పు. 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్ అడ్డకొలత 184 మిల్లీమీటర్లు. తిత్తి దాని పక్కల నుంచి కాస్త పైకి లేవాలి గాని దాన్ని కౌగిలించుకోకూడదు. వింగ్‌ను నేలమీద పరిచి, సిలిండర్‌ను మధ్యలో పడుకోబెట్టి, సగం గాలి నింపి చూడండి. రెండు పక్కలా గాలి గొట్టాలు సిలిండర్ వెంట నిటారుగా, సమానంగా ఉంటే మంచిది. అంచులు లేచి సిలిండర్ మీదకు మడుచుకుంటే అది మీకు తగని వింగ్. అలా మడుచుకున్న చోట గాలి వాల్వ్ కంటే ఎత్తున చిక్కుకుంటుంది. గాలి ఎప్పుడూ ఎత్తైన చోటే చేరుతుంది. వాల్వ్ అక్కడ లేకపోతే తాడు ఎంత లాగినా ప్రయోజనం లేదు. నాకు 5 మీటర్ల దగ్గర జరిగింది అదే.

పెద్ద వింగ్‌తో ఇంకో అపాయం కూడా ఉంది. ఇన్‌ఫ్లేటర్ మీట ఉప్పు పట్టి ఇరుక్కుంటే గాలి ఆగకుండా వింగ్‌లోకి పోతూ ఉంటుంది. 14 కిలోల తిత్తి నిండి తనంతట తానే వాల్వ్ తెరుచుకుంటుంది. 27 కిలోల తిత్తి దానికి రెట్టింపు బలంతో మనిషిని పైకి విసురుతుంది.

సిలిండర్‌ను పట్టి ఉంచడానికి రెండు పద్ధతులున్నాయి. వింగ్‌కు ఉన్న చీలికల గుండా పట్టీలు దూర్చి ప్లేటుకు బిగించేది ఒకటి. మధ్యలో అడాప్టర్ అనే చిన్న లోహపు ఆధారం బిగించేది ఇంకొకటి. మొదటిది తేలిక, సిలిండర్ వీపుకు దగ్గరగా ఉంటుంది. నేను దాన్నే ఇష్టపడతాను. అయితే సిలిండర్ పక్కలకు దొర్లకుండా వింగ్ మీద రెండు బొద్దు అంచులు కుట్టి ఉన్నాయో లేదో చూసుకోవాలి.

జంట సిలిండర్లకు

ఇక్కడ లెక్క మాత్రమే కాదు, ఆకారమే మారిపోతుంది. రెండు సిలిండర్లను లోహపు పట్టాలతో కలిపి, పైన రెండు వాల్వులను కలిపే మానిఫోల్డ్ బిగిస్తారు. పట్టాల నుంచి బయటికి వచ్చే రెండు బోల్టులు వింగ్ గుండా ప్లేటులోకి దిగుతాయి. ఆ రంధ్రాల మధ్య దూరం 28 సెంటీమీటర్లు, అంటే 11 అంగుళాలు. దాదాపు అన్ని కంపెనీల ప్లేట్లూ, వింగ్‌లూ ఈ కొలతనే పాటిస్తాయి కాబట్టి ఒకరి ప్లేటుకు ఇంకొకరి వింగ్ అమరుతుంది. నిండు జంట మొత్తం నేలమీద 40 కిలోల దరిదాపు తూగుతుంది. గుంటూరు యార్డులో ఒక మిర్చి టిక్కీని వీపున వేసుకుని పడవ అంచుదాకా నడవడమే అది. నడుం నొప్పి ఉన్నవాళ్ళు ముందే ఆలోచించుకోవాలి.

రెండు సిలిండర్ల వెడల్పు దాటి తిత్తి బయటికి రావాలి. అందుకే జంటల వింగ్ మధ్యభాగం వెడల్పుగా ఉంటుంది. ఒక సిలిండర్ వింగ్‌ను జంటకు బిగిస్తే రెండు సిలిండర్ల కింద నలిగిపోతుంది, పూర్తిగా ఉబ్బలేదు. ముద్రించిన 14 కిలోల్లో సగం కూడా అందకపోవచ్చు. కాగితం మీది అంకె ఆకారం సరైనప్పుడే నిజం.

లెక్క చూద్దాం. రెండు నిండు అల్యూమినియం సిలిండర్లు 1.4, పట్టాలూ మానిఫోల్డూ సుమారు 2, రెండు రెగ్యులేటర్లు 2.2, స్టీలు ప్లేటు 2.4. మొత్తం 8 కిలోలు. లోతులో గాలి 5.2, సూటు 2, వెరసి 7.2. పెద్దదానికి 5 కలిపితే 13. కాని జంటలతో వెళ్ళేవాళ్ళు పక్కకు ఇంకో చిన్న సిలిండర్ తగిలించుకోవచ్చు, ఆపదలో తోటి డైవర్‌ను పట్టుకుని పైకి రావాల్సి రావచ్చు. అందుకని 18 కిలోలు నా ఎంపిక. ఉక్కు జంటలకైతే 22 నుంచి 27 అవసరమవుతుంది.

ఉక్కు జంటల మాట వచ్చింది కాబట్టి కాస్త ఆగుతాను. 12 లీటర్ల ఉక్కు జంటలో గాలే ఆరున్నర కిలోలు. సిలిండర్లు ఖాళీ అయినా మునిగే ఉంటాయి. పైన 3 మిల్లీమీటర్ల సూటు తప్ప తేల్చేది ఏదీ లేదు. విప్పి పారేయడానికి నడుముకు సీసం కూడా ఉండదు. అలాంటి స్థితిలో 30 మీటర్ల దగ్గర తిత్తి చిరిగితే ఏమిటి దారి? నాలుగైదు కిలోలు దాటితే కాళ్ళతో ఈదుకుంటూ పైకి రావడం చాలామందికి కష్టం. చలి దేశాల్లో నీళ్ళు లోపలికి రానివ్వని డ్రైసూట్ వేసుకుంటారు. వింగ్ పోయినా సూటులోకి గాలి నింపుకుని రావచ్చు. మన వెచ్చటి నీళ్ళలో డ్రైసూట్ ఎవరూ వేసుకోరు. అందుకే పలచని వెట్‌సూట్ వేసుకునేవాళ్ళు అల్యూమినియం జంటలే ఎంచుకోవాలి. ఈ మాట మీద నేను ఎవరితోనూ రాజీపడను.

అల్యూమినియం జంటలోనూ మొదటి నిమిషాల్లో మనిషి బరువుగానే ఉంటాడు. వింగ్ ఖాళీగా ఉంచి పైకి ఈదగలరో లేదో గురువు పక్కన ఉండగా తక్కువ లోతులో పరీక్షించాలి. ఈదలేకపోతే స్టీలు ప్లేటు బదులు అల్యూమినియం ప్లేటు వాడి, ఆ తేడాను విప్పగలిగే సీసంగా నడుముకు కట్టుకోవాలి. రెండు తిత్తులున్న వింగ్ మరో మార్గం. లోపల ఒకదాని మీద ఒకటి రెండు తిత్తులు, రెండు ఇన్‌ఫ్లేటర్లు ఉంటాయి. ఒకటి చిరిగితే రెండోది ఆదుకుంటుంది. కాని రెండోదానిలోకి తెలియకుండా గాలి కారితే ఏ తిత్తి ఉబ్బుతోందో తేల్చుకోవడానికి విలువైన క్షణాలు పోతాయి. నేను ఒకే తిత్తి వింగ్, తేలికైన సామాను కోరుకుంటాను. రెండు తిత్తులు తీసుకునేవాళ్ళు రెండో ఇన్‌ఫ్లేటర్‌ను కుడివైపు వేరుగా పెట్టుకుని, చీకట్లో తడిమినా తెలిసేలా సాధన చేయాలి.

మన దేశంలో జంటలు అద్దెకు దొరికే చోట్లు కొద్దిగానే ఉన్నాయి. టిక్కెట్లు కొనేముందే ఫోను చేసి, ఏ సిలిండర్లు, బోల్టులు ఎంత పొడవు అని అడగండి. బోల్టు పొట్టిదైతే వింగ్, ప్లేటు రెండూ దూరాక మర బిగించడానికి చోటు మిగలదు.

ఆకారం, గుడ్డ, వాల్వులు

వింగ్‌లు రెండు ఆకారాల్లో వస్తాయి. గారెలా చుట్టూ కలిసి ఉండేది ఒకటి, గుర్రపు లాడంలా కింద తెరిచి ఉండేది ఒకటి. గారె ఆకారంలో గాలి కింది నుంచి కూడా ఒక పక్క నుంచి మరో పక్కకు పోగలదు. పక్కకు ఒరిగినా సమానమవుతుంది. లాడం ఆకారంలో పై నుంచే దారి, కాబట్టి వాల్వ్ లేని పక్క గాలిని తీయాలంటే కాస్త వంగాలి. కొత్తవాళ్ళకు గారె ఆకారమే మేలు. అలవాటైన వాళ్ళు లాడంతోనూ చక్కగా డైవ్ చేస్తారు. దీని మీద గంటలు గంటలు వాదించుకోవడం అనవసరం.

చుట్టూ రబ్బరు తాళ్ళు బిగించి తిత్తిని ముడిచే వింగ్‌లు కొనవద్దు. నోటితో గాలి ఊదాల్సి వస్తే ఆ తాళ్ళ బిగువుకు ఎదురు ఊదాలి. చిల్లు పడితే ఆ బిగువే గాలిని త్వరగా బయటికి నెడుతుంది.

పై గుడ్డ మందాన్ని డీనియర్‌లో చెబుతారు. 1000 డీనియర్ నైలాన్ గట్టిది, పడవ అంచుల రాపిడిని తట్టుకుంటుంది. 400 చిల్లర డీనియర్ గుడ్డ ప్రయాణాలకు తేలిక. జంటలకు తప్పనిసరిగా మందపాటిదే తీసుకోండి. ఆ లోహాల మధ్య నలిగే గుడ్డ కదా. లోపలి తిత్తిని జిప్ తెరిచి బయటికి తీయగలిగితే రేపు చిల్లు పడినా తిత్తి ఒక్కటే మార్చుకోవచ్చు. గుడ్డ, తిత్తి ఒకటిగా ఉండే వింగ్‌లు పలచగా, త్వరగా ఆరేవిగా ఉంటాయి గాని చిల్లు పడితే మరమ్మతు కష్టం.

ముడతల గొట్టం 40 సెంటీమీటర్లకు మించకుండా ఉంటే మంచిది. పొడవైనది కింద వేలాడి పగడాలకు తగులుతుంది.

ప్లేటు, విమానం సామాను

స్టీలు ప్లేటు రెండున్నర నుంచి 3 కిలోలు, అల్యూమినియం ప్లేటు ఒక కిలో లోపు. గన్నవరం నుంచి విమానమెక్కితే దేశీయ ప్రయాణంలో సాధారణంగా 15 కిలోల పెట్టెకే అనుమతి. సీసం ఏ డైవింగ్ కేంద్రంలోనైనా దొరుకుతుంది, ప్లేటు బరువు మాత్రం మనమే మోయాలి. అండమాన్ వెళ్ళేవాళ్ళకు అల్యూమినియం ప్లేటు సరి. రాత్రి రైలెక్కి విశాఖపట్నం వెళ్ళేవాళ్ళకు స్టీలు ప్లేటు హాయి. కట్టుకోవాల్సిన సీసం రెండు కిలోలు తగ్గుతుంది, ఆ బరువు వీపంతా పరుచుకుంటుంది.

మన ఆటోనగర్ పనివాళ్ళ చేతినైపుణ్యం తెలిసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. 3 మిల్లీమీటర్ల 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు రేకుతో ప్లేటును అక్కడే చేయించుకోవచ్చు. నాది అలా చేయించినదే. రంధ్రాల మధ్య 28 సెంటీమీటర్లు పక్కాగా ఉండాలి. ప్రతి చీలిక అంచునూ వేలు పెట్టి రాసినా గీసుకోనంత నున్నగా అరగదీయించాలి, లేకపోతే పట్టీ కోసుకుపోతుంది. తిత్తిని మాత్రం ఎక్కడా కుట్టించవద్దు, అతికించవద్దు. ప్రాణం ఆధారపడే అతుకు కర్మాగారంలో పరీక్షించినదై ఉండాలి.

పాతది కొనేటప్పుడు

వింగ్ పూర్తిగా ఉబ్బేదాకా, వాల్వ్ తనంతట తాను తెరుచుకునేదాకా ఊదండి. అలాగే ఒక రాత్రి వదిలేయండి. తెల్లవారేసరికి మెత్తబడితే ఎక్కడో కారుతోంది. సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టే నీటి తొట్టిలో ముంచి బుడగలు వెతకండి. కుట్ల దగ్గర, ముడతల గొట్టం మొదట్లో, వాల్వ్ చుట్టూ ఎక్కువగా కనబడతాయి. వాల్వ్ దగ్గరైతే చాలాసార్లు లోపల ఇసుక రేణువే కారణం, విప్పి కడిగితే పోతుంది. తిత్తి మధ్యలో బుడగలు వస్తే కొనకండి.

తర్వాత రెండు లీటర్ల మంచినీళ్ళు లోపల పోసి, ఆడించి, వంచి బయటికి తీయండి. తెల్లటి ఉప్పు పొడి రాలితే పాత యజమాని లోపల కడగలేదన్నమాట. ముక్కిన వాసన వస్తే బూజు పట్టింది. మీట నొక్కి వదలగానే టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వస్తే ఇన్‌ఫ్లేటర్ మార్పించాక తప్ప నీళ్ళలోకి దిగకండి.

మన ఎండల సంగతి చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అలాంటి ఎండలో డాబా మీదనో, మూసిన కారులోనో వింగ్‌ను వదిలితే తిత్తి పాడవుతుంది. లోపల, బయట కడిగి, నీడన ఆరబెట్టి, కొంచెం గాలి ఉంచి, మడవకుండా వేలాడదీయండి. ఎలుకలు తిరిగే అటకమీద వద్దు.

ఈత కొలనులో పరీక్ష

కొన్నాక నేరుగా సముద్రానికి వెళ్ళవద్దు. నిర్వాహకుల అనుమతి తీసుకుని, శిక్షకుడి సమక్షంలో, ఈత కొలనులో ఒక గంట గడపండి.

మొదట సామాను విప్పి, వింగ్ నింపి, నీటిపైన వదలండి. సిలిండర్ నిండుగా ఉన్నా అది స్థిరంగా తేలాలి. తర్వాత తొడుక్కుని, వింగ్ నింపి కదలకుండా ఉండండి. గడ్డం నీటిపైన ఉండాలి. ముఖం ముందుకు వాలిపోతుంటే గాలి ఎక్కువ నింపారు, కొంచెం వదలండి. వీపున గాలి ఉండే ఏ అమరికైనా ముందుకు తోస్తుంది, వెనక్కి వాలి కూర్చున్నట్టు ఉంటే సర్దుకుంటుంది.

కింద బోర్లా తేలుతూ కాళ్ళు మునుగుతున్నాయో తల మునుగుతోందో గమనించండి. కాళ్ళు మునిగితే సిలిండర్‌ను పట్టీల్లో రెండంగుళాలు పైకి జరపండి. జంటలైతే ప్లేటుకు వేరే రంధ్రాలుంటే వాటిలోకి మార్చి చూడండి. బోర్లా ఉండగానే వెనుక వాల్వ్ తాడు, నిటారుగా ఉండి ఇన్‌ఫ్లేటర్ గొట్టం, రెండు విధాలా గాలి పూర్తిగా పోతోందో పరీక్షించండి. కుడికి, ఎడమకు ఒరిగి మళ్ళీ చేయండి. నోటితో ఊది వింగ్ నింపడం రెండుసార్లు చేయండి. చివరికి సిలిండర్‌లో 50 బార్లు మిగిలినప్పుడు వింగ్ పూర్తిగా ఖాళీ చేసి, పైకీ కిందికీ పోకుండా నిలబడేంత సీసమే ఉంచుకుని, ఎన్ని కిలోలో రాసుకోండి.

ఆ అంకె మంచినీళ్ళది. సముద్రపు నీరు దానికంటే రెండున్నర శాతం బరువైనది. మీ బరువూ సామాను బరువూ కలిపి 100 కిలోలైతే సముద్రంలో రెండున్నర కిలోల సీసం అదనంగా కావాలి. మావాడిదీ సామానుదీ కలిపి 96 వచ్చింది. కొలనులో సీసమే లేకుండా, వింగ్ ఖాళీగా పెట్టుకుని, ఉన్నచోటే నిలిచాడు. అంటే సముద్రంలో 2.4 కిలోలు. డాబా మీద ముందే లెక్కలో వేసిన 2 కిలోలకు అది కొంచెమే ఎక్కువ. విశాఖపట్నంలో మొదటి డైవ్‌కు రెండు కిలోలు ప్లేటుకు, అరకిలో నడుముకు కట్టుకున్నాడు. 14 కిలోల గారె వింగ్‌తో 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలూ కదలకుండా ఆగాడు. జంటల వింగ్ ఇంకా కొనలేదు. ఆ శిక్షణ పూర్తయ్యాక మళ్ళీ పీపా, త్రాసు బయటికి తీస్తాం.